అటక మీది స్పెక్ట్రమ్‌తో తెర అంచున బతుకమ్మ: పాత హోమ్ కంప్యూటర్‌ను లేపి, దాని చేత డెమో ఆడించే సమగ్ర మార్గదర్శి

1986లో మా మేనమామ దుబాయి నుంచి హన్మకొండకు సెలవు మీద వచ్చినప్పుడు అత్తర్లు, టూ-ఇన్-వన్ టేప్ రికార్డరుతో పాటు నల్లటి జడ్ఎక్స్ స్పెక్ట్రమ్ ప్లస్ కూడా పట్టుకొచ్చాడు. క్యాసెట్ పెట్టి ఆట కోసం ఎదురుచూసే నాలుగైదు నిమిషాల పాటు తెర అంచున రంగు గీతలు పరుగెత్తేవి. ఆ ఆటల పేర్లు చాలావరకు మరచిపోయాను గానీ ఆ గీతలు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. ముప్పై ఏళ్లకు పైగా అటక మీద ఎర్రమట్టి దుమ్ములో పడి ఉన్న ఆ యంత్రాన్ని లేపిన క్రమాన్నీ, అదే తెర అంచున మన సొంత రంగులను వరుసలుగా పేర్చే చిన్న డెమోనూ (యంత్రం సత్తా చూపించే దృశ్య కార్యక్రమాన్నీ) ఇక్కడ మెట్లుగా వివరిస్తున్నాను. యంత్రం లేనివారు స్పెక్ట్రమ్‌ను అనుకరించే ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్‌ను కంప్యూటర్‌లో పెట్టుకొని నేరుగా ఐదవ మెట్టుకు వెళ్లవచ్చు. అయితే అందులో 48కె మోడల్‌నే ఎంచుకోవాలి. కారణం అక్కడే చెబుతాను.

స్పెక్ట్రమ్ 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో వచ్చింది. 3.5 మెగాహెర్ట్జ్ వేగం గల జడ్80ఏ ప్రాసెసర్, మారని కార్యక్రమం ఉండే 16 కిలోబైట్ల రోమ్, మన పని జరిగే 48 కిలోబైట్ల ర్యామ్ దాని మొత్తం ఆస్తి. 1984లో వచ్చిన ప్లస్ మోడల్‌కు కీబోర్డు మారింది తప్ప లోపలి బోర్డు అదే. మన బడుల్లోకి 1984 తరువాత కంప్యూటర్ విద్య కోసం పెట్టిన క్లాస్ పథకం కింద వచ్చిన బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ వేరే జాతి. దాని ప్రాసెసర్ 6502 కనుక కింద చెప్పే అంకెలు దానికి వర్తించవు.

మొదటి మెట్టు: కరెంటు పెట్టకండి

అటక మీది నుంచి దించగానే ప్లగ్గులో పెట్టి చూడాలన్న తహతహను ఆపుకోవడమే ఈ పనిలో సగం. స్పెక్ట్రమ్‌కు 9 వోల్టుల డీసీ కావాలి. కానీ దాని పిన్ను మధ్య భాగం మైనస్, బయటి భాగం ప్లస్. ఇప్పుడు అంగళ్లలో దొరికే 9 వోల్టుల అడాప్టర్లలో చాలావాటికి ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఒక దుకాణంలో నాకు “ఏ మెషీనుకైనా నడుస్తది” అని భరోసాతో ఇచ్చిన అడాప్టర్‌ను ఇంటికొచ్చి మల్టీమీటరుతో చూస్తే మధ్యలో ప్లస్ కనిపించింది. అలాగే గుచ్చి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. కనుక నల్ల ప్రోబును పిన్ను బయటి భాగానికీ, ఎర్ర ప్రోబును లోపలి భాగానికీ తాకించినప్పుడు మీటరు మైనస్ గుర్తుతో 9 చూపిస్తేనే ఆ అడాప్టర్ పనికొస్తుంది. అసలు అడాప్టర్ మీద 1.4 ఆంపియర్లు అని ఉంటుంది. మీరు కొనేది 2 ఆంపియర్లదైతే నిశ్చింత.

ఇప్పుడు అడుగున ఉన్న స్క్రూలు విప్పి పై మూతను మెల్లగా లేపండి. కీబోర్డు నుంచి బోర్డులోకి రెండు పల్చటి ప్లాస్టిక్ పట్టీలు దిగి ఉంటాయి. వాటిని వంచకుండా నిటారుగా పైకి లాగాలి, ఎందుకంటే ఇన్నేళ్ల ఎండలకు అవి అప్పడంలా పెళుసెక్కి ఉంటాయి. నా దాంట్లో ఒకటి చేతిలోనే విరిగింది. కీబోర్డు లోపలి ఆ పొరను ఇప్పటికీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు కాబట్టి బాధ పడనక్కర లేదు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము, బల్లిగుడ్ల పెంకులు తీసేసి, పచ్చగా చిలుము పట్టిన చోట్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి.

రెండవ మెట్టు: కెపాసిటర్లు, మూడు వోల్టేజీలు

బోర్డు మీద నిలబడి గానీ పడుకొని గానీ ఉండే చిన్న డబ్బాలు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. లోపలి ద్రవం ఎండిపోవడం వల్ల చూడటానికి బాగున్నా పనిచేయవు. ఒక్కొక్కటిగా పరీక్షించే బదులు అన్నింటినీ మార్చడమే మేలని నా అభిప్రాయం. ప్రతి దాని విలువనూ, మైనస్ గీత ఎటు ఉందో దాన్నీ కాగితం మీద రాసుకొని, ముందుగా ఫోటో కూడా తీసుకొని, ఆ తరువాతే సోల్డరింగ్ మొదలుపెట్టండి. మే నెలలో మన ఊరి ఉక్క తెలిసిందే కనుక 105 డిగ్రీల రకాన్నే తీసుకోండి. వరంగల్‌లో అన్ని విలువలూ దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో పని అయిపోతుంది.

తరువాతది ఈ యంత్రానికి ఆయువుపట్టు. కింది 16 కిలోబైట్ల ర్యామ్ 4116 అనే ఎనిమిది చిప్పులతో చేసినది. బోర్డు మీద ఐసీ6 నుంచి ఐసీ13 వరకు రాసి ఉన్నవి అవే. ఈ పాతకాలపు చిప్పుకు ఒకటి కాదు, మూడు వోల్టేజీలు కావాలి: 1వ పిన్నుకు మైనస్ 5, 8వ పిన్నుకు ప్లస్ 12, 9వ పిన్నుకు ప్లస్ 5, 16వ పిన్ను గ్రౌండ్. ఈ మూడింటిలో మైనస్ 5 రాకుండా మిగిలినవి వస్తూ ఉంటే చిప్పులు వేడెక్కి ఒకదాని వెంట ఒకటి చచ్చిపోతాయి. అందువల్ల కెపాసిటర్లు మార్చాక మొదటిసారి కరెంటు పెట్టినప్పుడు టీవీ వైపు చూడకుండా మీటరు వైపే చూడండి. మూడూ సరిగా లేకపోతే కొద్ది సెకన్లలోనే ఆపేసి, ఆ వోల్టేజీలను పుట్టించే టీఆర్4 ట్రాన్సిస్టర్‌నూ, దాని పక్కనున్న కాయిల్‌నూ పరీక్షించండి. చాలా స్పెక్ట్రమ్‌లలో మొదట పోయేది ఆ ట్రాన్సిస్టరే.

5 వోల్టులను ఇచ్చే 7805 రెగ్యులేటర్ మిగిలిన 4 వోల్టులను వేడిగా మార్చి పారేస్తుంది కాబట్టి యంత్రం కుడి వైపు చేయి కాలేంతగా కాగుతుంది. అదే కాళ్లలో ఇమిడే స్విచింగ్ రెగ్యులేటర్ పెడితే ఈ బాధ తప్పుతుంది.

మూడవ మెట్టు: బొమ్మ

స్పెక్ట్రమ్ తన బొమ్మను యాంటెనా తీగ ద్వారా యూహెచ్ఎఫ్ 36వ ఛానెల్‌లో పంపుతుంది. ఆనాడు మేము టీవీ ట్యూనింగ్ చక్రాన్ని వెంట్రుకవాసి కదిలిస్తూ గంటలు గడిపేవాళ్లం. ఇప్పుడు ఆ అవస్థ అక్కర లేదు. వెండిరంగు మాడ్యులేటర్ డబ్బాలోకి బోర్డు నుంచి రెండు తీగలు వెళ్తాయి; ఒకటి 5 వోల్టులు, రెండవది కాంపోజిట్ వీడియో. వీడియో తీగను డబ్బా నుంచి విడదీసి, డబ్బాలోని పాత భాగాల నుంచి సాకెట్టు మధ్య పిన్నును కూడా విడదీసి, ఆ రెండింటినీ కలిపితే టీవీ ఏవీ ఇన్‌పుట్‌కు నేరుగా ఇవ్వవచ్చు. తెల్లటి తెర అడుగున “1982 సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్” అన్న ఒక్క వరుస కనిపిస్తే యంత్రం బతికినట్టే. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఎక్కడైనా దొరికితే వదలకండి. ఆరవ మెట్టులో గీసేది ఆ ట్యూబు మీద చూస్తే తెలిసే తేడా వేరు.

నాలుగవ మెట్టు: క్యాసెట్‌కు బదులు ఫోను

ఆటలను క్యాసెట్ ధ్వని రూపంలోకి, అంటే వేవ్ ఫైలుగా మార్చుకొని ఫోనులో పెట్టుకోవచ్చు. ఫోను ఇయర్‌ఫోన్ సాకెట్టు నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్టుకు మోనో తీగ వేసి, శబ్దాన్ని దాదాపు గరిష్ఠానికి పెంచండి. లోడ్ అనే మాట జె కీ ఒక్కటి నొక్కితే వస్తుంది; దాని పక్కన కొటేషన్ గుర్తును రెండుసార్లు కొట్టి, ఎంటర్ నొక్కి, ఫోనులో ధ్వనిని మొదలుపెట్టాలి.

ఇక అంచును చదవడం నేర్చుకోండి. ఎరుపు, లేత నీలం వెడల్పు గీతలు నిలకడగా కదులుతున్నాయంటే యంత్రం ముందుగా వచ్చే కూతను వింటోందన్నమాట. ఆ కూత మొదటిసారి 5 సెకన్లు, అసలు సమాచారానికి ముందు 2 సెకన్లు ఉంటుంది. ఆ తరువాత సన్నటి నీలం, పసుపు గీతలు చిందులు వేస్తే సమాచారం దిగుతున్నట్టు. సున్నాకు పొట్టి అల, ఒకటికి సరిగ్గా దానికి రెట్టింపు పొడవు అల కావడం వల్ల ఆ గీతల మందం మారుతూ ఉంటుంది. అంటే చిన్నప్పుడు మేము అలంకారం అనుకున్నవి నిజానికి టేపులోని ధ్వనికి ప్రతిబింబాలు. రోమ్‌లోని కార్యక్రమం అల తిరిగిన ప్రతిసారీ అంచు రంగును మారుస్తుంది, అంతే. ఎర్రగీతలే నిలవకపోతే శబ్దం చాలలేదని అర్థం. మధ్యలో “ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్” అని వస్తే మాత్రం ముందుగా ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టారో లేదో చూసుకోండి. నాలుగు నిమిషాలు ఓపిక పట్టాక చివరి పది సెకన్లలో కుటుంబం గ్రూపులో ఎవరో పెట్టిన శుభోదయం మెసేజ్ “టింగ్” అనడం వల్ల మొత్తం పోయిన అనుభవం నాకు రెండుసార్లు అయింది.

ఐదవ మెట్టు: కిరణాన్ని లెక్కపెట్టడం

రోమ్ అంచు రంగును మార్చగలిగినప్పుడు మనమూ మార్చగలం. 254 అనే పోర్టుకు, అంటే ప్రాసెసర్ బయటి భాగాలతో మాట్లాడే ద్వారానికి, 0 నుంచి 7 వరకు ఒక అంకె పంపితే అంచు ఆ రంగులోకి మారుతుంది. యంత్రానికి తెలిసింది మొత్తం అంచుకు ఒకే రంగు. కానీ టీవీ బొమ్మ ఒక్కసారిగా పుట్టదు. పిక్చర్ ట్యూబులోని కిరణం దాన్ని పై నుంచి కిందికి గీత గీతగా గీస్తుంది. కిరణం సగం దిగాక రంగు మారిస్తే పై సగం పాత రంగులో, కింది సగం కొత్త రంగులో ఉంటాయి. డెమోలు రాసేవారి విద్య చాలావరకు ఈ ఒక్క కిటుకుకు పిల్లలే.

అంకెలు ఇవి. ప్రాసెసర్ గడియారపు ఒక్క టిక్కును టీ-స్టేట్ అంటారు. ఒక గీతకు 224 టీ-స్టేట్‌లు, ఒక బొమ్మకు 312 గీతలు, వెరసి 69,888 టీ-స్టేట్‌లు. సెకనుకు 50 బొమ్మలకు రవ్వంత ఎక్కువ. ప్రతి బొమ్మ ఆరంభంలో తెర బొమ్మను తయారుచేసే యూఎల్ఏ అనే చిప్పు ప్రాసెసర్‌ను ఒకసారి తడుతుంది. ఆ తట్టు నుంచి లెక్కపెట్టుకుంటే కిరణం ఎక్కడుందో చూడకుండానే చెప్పవచ్చు. జడ్80 ఆదేశాలలో ఏది ఎన్ని టీ-స్టేట్‌లు తింటుందో ముందే తెలుసు కనుక ఇది ఊహ కాదు, కూడిక. 128కె మోడల్‌లో గీతకు 228 టీ-స్టేట్‌లు కావడం వల్ల ఇదే కూడిక అక్కడ తప్పుతుంది. 48కె ఎంచుకోమన్నది అందుకే.

ఆరవ మెట్టు: 32 బైట్ల బతుకమ్మ

పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు చూసే వరుసలను తలచుకొని రంగులు ఎంచాను: తంగేడుకు పసుపు 6, గునుగుకు తెలుపు 7, రంగు అద్దిన గునుగుకు ఊదా 3, ఎరుపు 2, నీలం 1, అడుగున ఆకుకు పచ్చ 4. బంతిపూల నారింజ స్పెక్ట్రమ్‌లో లేదు, ఏం చేస్తాం.

స్పెక్ట్రమ్‌కు ఆదేశాలిచ్చే భాష బేసిక్. దాని మాటలను పలికినట్టే రాస్తున్నాను. యంత్రంలో అవి కీల మీద ఉన్న మాటలే.

10 క్లియర్ 32767: లెట్ టి = 0
20 ఫర్ కె = 0 టు 31: రీడ్ బి: లెట్ టి = టి + బి: పోక్ 32768 + కె, బి: నెక్స్ట్ కె
30 ఇఫ్ టి <> 2773 దెన్ స్టాప్
40 లెట్ సి$ = "67362714"
50 ఫర్ కె = 0 టు 43: పోక్ 33024 + కె, వాల్ సి$(1 + కె - 8 * ఇంట్ (కె / 8)): నెక్స్ట్ కె
60 రాండమైజ్ యూఎస్ఆర్ 32768
70 గో టు 60
80 డేటా 22,0,118,122,15,15,15,230,7,111,38,129,30,36,126,211
90 డేటా 254,35,6,134,16,254,0,3,29,194,14,128,21,32,227,201

రన్ చేయగానే “స్టాప్” అని ఆగిపోతే డేటాలో ఏదో అంకె తప్పు పడిందన్నమాట, ఎందుకంటే ఆ 32 అంకెల మొత్తం 2773 కావాలి. సరిగా పడితే అంచు పొడవునా రంగు పట్టీలు పేర్చినట్టుగా కనిపించి, నెమ్మదిగా కిందికి జారుతాయి.

లోపల జరుగుతున్నదేమిటంటే, 118 అనే బైటు యూఎల్ఏ తట్టే వరకు ప్రాసెసర్‌ను నిద్రపుచ్చుతుంది. డేటాలో 126 నుంచి 128 వరకు ఉన్నది ఒక పట్టీ: పట్టిక నుంచి రంగు తీయడానికి 7, పోర్టుకు పంపడానికి 11, పట్టికలో ముందుకు జరగడానికి 6, లెక్కింపు అంకె పెట్టడానికి 7, 134 సార్లు ఊరికే తిరగడానికి 1737, ఏ పనీ చేయని 0 బైటుకు 4, అక్కర లేకపోయినా చేర్చిన 3 బైటుకు 6, పట్టీల లెక్క తగ్గించడానికి 4, వెనక్కి దూకడానికి 10. కూడితే 1792. ఇది 224కు సరిగ్గా ఎనిమిది రెట్లు, అంటే ఎనిమిది గీతలు. ఆ పనికిమాలిన రెండు బైట్లు లేకపోతే 10 టీ-స్టేట్‌లు తగ్గి ప్రతి పట్టీ ముందుగానే మొదలయ్యేది. మా అమ్మమ్మ బతుకమ్మ పేర్చేటప్పుడు వరుస వంకర పోకుండా మధ్య ఖాళీలో చూరచూర చేసిన ఆకులు కూరేది. ఈ రెండు బైట్ల పనీ అదే. ఇటువంటి పట్టీలు 36 పెట్టాను. 38 కన్నా ఎక్కువ పెడితే తరువాతి తట్టు వచ్చేలోపు పని పూర్తికాక బొమ్మ అదురుతుంది.

ఈ కోడ్‌ను 32768 దగ్గరే పెట్టడానికీ కారణం ఉంది. దాని కింది 16 కిలోబైట్లను ప్రాసెసర్, యూఎల్ఏ పంచుకుంటాయి. తెర గీసే సమయంలో యూఎల్ఏకే పెద్దపీట కనుక ప్రాసెసర్ ఆగాల్సి వస్తుంది, మన కూడికంతా చెడుతుంది.

ఏడవ మెట్టు: మెట్టును దాచడం

పై అంచును జాగ్రత్తగా చూస్తే ఒక పట్టీ ముగిసి మరొకటి మొదలయ్యే చోట గీత మధ్యలో చిన్న మెట్టు కనిపించవచ్చు. రంగు మారిన క్షణంలో కిరణం తెర మీదే ఉండటం వల్ల వచ్చేదది. గీతకున్న 224లో 48 టీ-స్టేట్‌ల పాటు కిరణం వెనక్కి మళ్లుతూ కనిపించకుండా ఉంటుంది. రంగు మార్పును అక్కడికి నెట్టాలి. డేటాలో 129 తరువాత, 30కి ముందు కొన్ని సున్నాలు చేర్చండి. ఒక్కో సున్నా 4 టీ-స్టేట్‌లు, అంటే మెట్టు 8 పిక్సెళ్లు కుడికి జరుగుతుంది. ఎన్ని సున్నాలు చేర్చారో అన్ని 14కు కలిపి, 227 నుంచి తీసేసి, 20వ వరుసలోని 31కి కలపాలి. ఒక అంకె పెరిగినంతే మరొకటి తగ్గుతుంది కాబట్టి 2773 మాత్రం మారదు. 44 సున్నాల లోపే మెట్టు మాయమవుతుంది.

134కు బదులు 133 పెట్టి చూడండి, మొత్తం 2772 అవుతుంది కనుక 30వ వరుసనూ మార్చాలి. ప్రతి పట్టీ 13 టీ-స్టేట్‌లు ముందే ముగిసి, మార్పు సుమారు 26 పిక్సెళ్లు ఎడమకు జరుగుతూ పోతుంది. అలాగే పట్టీలు ఆడుతుండగా ఏదైనా కీ నొక్కి పట్టుకుంటే అవన్నీ ఒక్క కుదుపుతో కిందికి కదులుతాయి. యూఎల్ఏ తట్టిన ప్రతిసారీ రోమ్ ముందుగా కీబోర్డును చూసి వస్తుంది, కీ నొక్కి ఉంటే దానికి ఎక్కువ సేపు పడుతుంది.

ఇక్కడి నుంచి ఎటు

స్పెక్ట్రమ్ తెర 256 అడ్డం, 192 నిలువు పిక్సెళ్లు. చుక్కలకు 6144 బైట్లు, రంగులకు 768 బైట్లే. అంటే 8 పిక్సెళ్ల చదరానికి రెండే రంగులు. నడిచే బొమ్మ వెనకనున్న చెట్టు రంగును అంటించుకోవడం ఆ పొదుపు వల్లనే. కానీ యూఎల్ఏ ఆ రంగు బైటును చదరానికి ఒకసారి కాక ప్రతి గీతకూ మళ్లీ చదువుతుంది. రెండు గీతల మధ్య దాన్ని మార్చగలిగితే చదరంలో ఎనిమిది వరుసల రంగులు పడతాయి. వరుసలోని 32 బైట్లను రెండేసి చొప్పున పుష్ ఆదేశంతో రాస్తే ఒక్కోదానికి 11 చొప్పున 16 పుష్‌లకు 176 టీ-స్టేట్‌లు. మిగిలిన 48లో కొత్త రంగులను ప్రాసెసర్ లోపలి చిన్న అరలైన రిజిస్టర్లలో నింపాలి, యూఎల్ఏ పెట్టే ఆలస్యాన్నీ భరించాలి. అది కుదరదు కనుకనే ఇటువంటి డెమోలు తెర మధ్యలోని కొంత వెడల్పులోనే ఈ గారడీ చేస్తాయి.

ఇతర యంత్రాలలో ఈ విద్య ఎంత దూరం పోయిందో చూడాలనుకుంటే 8088 ఎంపీహెచ్ అనే డెమోతో మొదలుపెట్టండి. 2015లో జర్మనీలోని సార్‌బ్రుకెన్‌లో రివిజన్ అనే డెమోల పోటీలో గెలిచింది, 4.77 మెగాహెర్ట్జ్ తొలి ఐబీఎం పీసీ చేత 1024 రంగులు చూపించింది. దొంగ ప్రతుల ఆటల ముందు పేరు చెప్పుకోవడానికి పెట్టిన చిన్న దృశ్యాల నుంచి పుట్టిన ఈ కళను ఫిన్లాండ్ 2020లోనూ, జర్మనీ 2021లోనూ తమ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాల్లో చేర్చాయి.

ఎనిమిదవ మెట్టు: దాచుకోవడం

మైక్ సాకెట్టు నుంచి రికార్డరుకు తీగ వేసి, సేవ్ "బి" లైన్ 10 అని కొట్టి, రికార్డింగు మొదలయ్యాక ఒక కీ నొక్కండి. వేవ్ ఫైలుగానే భద్రపరచండి. ఎంపీ3గా కుదిస్తే అలల అంచులు అరిగి లోడ్ కాకపోవచ్చు. తరువాత యంత్రాన్ని ఆపి, వెలిగించి, దాన్నే తిరిగి వినిపించండి. ఎరుపు, లేత నీలం గీతలు కొన్ని సెకన్లు, నీలం, పసుపు గీతలు మరికొన్ని సెకన్లు ఆడి, పదీ పన్నెండు సెకన్లకల్లా అవి ఆగి, అదే అంచున తంగేడు వరుస మొదలవుతుంది.